చర్చి గొంతు, డిస్కో దరువు: లోలియాటా హాలోవే, మార్తా వాష్, క్యాండీ స్టేటన్ గురించి మాట్లాడుకుందాం

ప్లేట్ల_పెట్టె (దారం మొదలు)
డిస్కో అనగానే అద్దాల బంతి, మెరుపుల బట్టలే గుర్తొస్తాయి. కానీ 1975 నుంచి 1982 దాకా వచ్చిన గట్టి డిస్కో ప్లేట్లు వరసగా వింటే పాడేవాళ్లలో సగానికి సగం చర్చిలో గొంతు సానబెట్టుకున్న ఆడవాళ్లే. లోలియాటా హాలోవే షికాగోలో తల్లితో కలిసి గోస్పెల్ (నల్లవారి చర్చి భక్తిపాటలు) పాడి, తర్వాత క్యారవాన్స్ బృందంలో చేరింది. క్యాండీ స్టేటన్ చిన్నపిల్లగా ఉన్నప్పుడే జ్యువెల్ గోస్పెల్ ట్రయోలో ఊరూరా తిరిగింది. థెల్మా హ్యూస్టన్ ఆర్ట్ రెనాల్డ్స్ సింగర్స్ నుంచి వచ్చింది. మార్తా వాష్‌ది శాన్‌ఫ్రాన్సిస్కో, ఆమెదీ గోస్పెలే.

నా ప్రశ్నలు రెండు. డిస్కోకు ఈ గొంతులే ఎందుకు కావలసి వచ్చాయి? ఇంత పాడినా వీళ్లలో చాలామందికి డబ్బూ పేరూ సరిగా ఎందుకు రాలేదు? "రంగు వల్ల, కాలం వల్ల" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. ఆ సంగతి అందరికీ తెలిసిందే. అసలు పని ఎలా జరిగిందో చెప్పండి.

వంతపాట
మొదటి ప్రశ్నకు నా జవాబు. గోస్పెల్ పాటలో రెండు భాగాలుంటాయి. ముందు చరణాలు, అందులో విషయం. తర్వాత వచ్చేది వ్యాంప్. రెండు మూడు కార్డుల (కలిపి మోగించే స్వరాల గుత్తుల) మీదే వాద్యాలు గుండ్రంగా తిరుగుతుంటాయి, బృందం ఒకే మాట పట్టుకుని ఉంటుంది, ముందు నిలబడ్డ గాయని దాని మీద అల్లుకుంటూ పోతుంది. మన బుర్రకథలో వంతలు "తందాన తాన" అని పట్టుకుంటే కథకుడు దాని మీద ఎక్కి ఆడినట్టే. ఇది మూడు నిమిషాలకు ఆగాలని లేదు. జనం లేస్తున్నంత సేపూ నడుస్తుంది.

డిస్కోకు కావలసింది సరిగ్గా అదే. 12 అంగుళాల సింగిల్ (ఒక వైపు ఒకే పాట పట్టే పెద్ద ప్లేటు) వచ్చాక పాట ఆరు, ఎనిమిది, పదకొండు నిమిషాలకు సాగింది. రెండు చరణాలు, ఒక పల్లవి మాత్రమే పాడగలిగే గాయనిని పెట్టుకుంటే నాలుగో నిమిషానికి సరుకు అయిపోతుంది. చర్చిలో పెరిగిన గాయనికి అసలు పని మొదలయ్యేదే అక్కడ.

రెండో కారణం శబ్దానికి సంబంధించింది. గోస్పెల్ బృందంలో సాధారణంగా సొప్రానో, ఆల్టో, టెనార్ అని మూడు శ్రుతి పంక్తులు. వెనక హామండ్ ఆర్గన్, దాని లెస్లీ స్పీకరు, డ్రమ్ములు, ప్రతి చేతిలో చప్పట్లో టాంబొరినో. అంత మోతను దాటి వినపడాలంటే గొంతులో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య బలం ఉండాలి, మన చెవి అత్యంత చురుగ్గా ఉండేది ఆ మేరలోనే. డిస్కో ట్రాకులో కింద కిక్ డ్రమ్ము, బేసు. మధ్యలో రిథమ్ గిటారు, పియానో. పైన వయొలిన్లు, హై-హ్యాట్. సన్నని గొంతు పెడితే వయొలిన్లలో కలిసిపోతుంది, ఫేడరు (శబ్దం పెంచే మీట) పెంచితే గరగరమంటుంది. ఛాతీ నుంచి వచ్చే చర్చి గొంతు దానంతటదే దారి చేసుకుంటుంది.

పన్నెండంగుళాలు
వంతపాట గారు చెప్పినదానికి నా దగ్గర ఒకే ఒక రుజువు, కానీ గట్టిది. లోలియాటా "హిట్ అండ్ రన్", 1977, సాల్‌సోల్ అనే రికార్డు కంపెనీ కింద ఉన్న గోల్డ్ మైండ్ లేబుల్. ఆల్బంలో అది మామూలు పాట. 12 అంగుళాలకు డీజే వాల్టర్ గిబ్బన్స్ మిక్స్ చేశాడు. అతనికి అంతా కలిపేసిన స్టీరియో మాస్టరు కాదు, గొంతూ ఒక్కో వాద్యమూ విడివిడిగా ఉన్న మల్టీట్రాక్ టేపే ఇచ్చారు. ఒక డీజే చేతికి అలా ఇవ్వడం అప్పట్లో కొత్త.

అతనేం చేశాడంటే మొదట్లోని చరణాలను చాలావరకు కోసేశాడు. వయొలిన్లను, ఇత్తడి వాద్యాలను పలచన చేసి డ్రమ్ములను, బేసును పైకి తెచ్చాడు. పాట చివర లోలియాటా తోచినట్టు అల్లుకుపోయిన భాగం ఆల్బంలో మాసిపోతూ ముగిసే చోటు. దాన్నే తీసుకొచ్చి రెండో సగమంతా పరిచాడు. నిడివి పదకొండు నిమిషాలు. అంటే పాటను పక్కనపెట్టి వ్యాంప్‌ను ఉంచుకున్నాడు. ఆల్బం ప్రతి, ఈ మిక్స్ వెనకా ముందూ పెట్టి వింటే చర్చి గొంతు ఎందుకు అన్న ప్రశ్నకు వేరే వివరణ అక్కర్లేదు.

గిబ్బన్సే తర్వాత భక్తిలోకి వెళ్లిపోయాడు, అది వేరే కథ.

కొత్తచెవి
ఒక చిన్న సందేహం. వీళ్లు ఒక అక్షరం మీద ఏడెనిమిది స్వరాలు తిప్పుతారు కదా, అది గమకమేనా?

వంతపాట
దగ్గరగా ఉంటుంది, కానీ గమకం కాదు. గమకంలో స్వరం ఊగుతుంది, రాగం దాన్ని శాసిస్తుంది. వీళ్లది మెట్లు మెట్లుగా దిగే పరుగు. ఎక్కువగా ఐదు స్వరాల వరస, పైనుంచి కిందికి, మధ్యలో గాంధారాన్ని కాస్త తగ్గించి పట్టుకుంటారు. మన వాళ్లలో దగ్గరి పోలిక కావాలంటే బిర్కా.

నడక కూడా గమనించండి. నెమ్మదైన గోస్పెల్ పాటలు ఎక్కువగా 12/8లో ఉంటాయి, అంటే నాలుగు దెబ్బలు, తిశ్ర నడక. డిస్కో చతురశ్రం, ప్రతి దెబ్బకూ కిక్. తిశ్రంలో పెరిగిన గాయని చతురశ్రం మీద పాడుతూ మాటను రవ్వంత వెనక వేస్తుంది. ఆ లాగుడు వల్లే యంత్రంలా కొట్టే దరువు కూడా ఊగుతున్నట్టు అనిపిస్తుంది. థెల్మా హ్యూస్టన్ "డోంట్ లీవ్ మీ దిస్ వే" (1976) వినండి. చరణం గుసగుసలా, దరువుకు కాస్త వెనకగా. పల్లవి రాగానే సరిగ్గా దెబ్బ మీద. హెరాల్డ్ మెల్విన్ అండ్ ది బ్లూ నోట్స్ ముందే పాడిన పాట అది. మోటౌన్ కంపెనీ వాళ్లు మొదట డయానా రాస్ కోసం అనుకుని, తర్వాత థెల్మాకు ఇచ్చారు. 1977లో అమెరికాలో నంబర్ వన్, ఆపైన గ్రామీ.

లేబుల్_చూసేవాడు
రెండో ప్రశ్నకు వస్తాను. డబ్బు ఎక్కడ ఆగిపోయిందో లోలియాటా "లవ్ సెన్సేషన్" (1980) మీద చూద్దాం.

ఒక ప్లేటు మీద రెండు వేర్వేరు హక్కులుంటాయి. పాట (స్వరం, సాహిత్యం) హక్కు రాసినవాడిది, ఇక్కడ డాన్ హార్ట్‌మన్. రికార్డింగు హక్కు లేబుల్‌ది, ఇక్కడ సాల్‌సోల్. పాడినామెకు ఈ రెండిట్లో ఏదీ లేదు. ఆమెకున్నది ఒప్పందం ప్రకారం అమ్మకాల్లో కొంత శాతం, అది కూడా అడ్వాన్సు, స్టూడియో ఖర్చు మినహాయించుకున్నాక. అమెరికాలో మామూలు రేడియోలో పాట మోగితే రాసినవాడికి డబ్బు వస్తుంది, పాడినామెకు పైసా రాదు. ఆ పద్ధతి ఇప్పటికీ అంతే.

1989లో ఇటలీ నుంచి బ్లాక్ బాక్స్ అనే బృందం "రైడ్ ఆన్ టైమ్" తీసింది. అందులో గొంతు మొత్తం "లవ్ సెన్సేషన్" నుంచి ముక్కలు ముక్కలుగా కోసి అతికించింది. ఆమె పాడింది "రైట్ ఆన్ టైమ్", శీర్షికలో అది "రైడ్" అయింది. బ్రిటన్‌లో ఆరు వారాలు నంబర్ వన్, ఆ ఏడాది అక్కడ అత్యధికంగా అమ్ముడైన సింగిల్. కవరు మీద ఆమె పేరు లేదు. వీడియోలో కాట్రిన్ కినోల్ అనే మోడల్ పెదవులు కదిపింది.

శాంపిల్ (పాత రికార్డింగు ముక్క) వాడాలంటే రెండు అనుమతులు కావాలి, పాట హక్కుదారుది ఒకటి, రికార్డింగు హక్కుదారుది ఒకటి. గాయని అనుమతి ఆ జాబితాలోనే లేదు. లోలియాటా లాయర్లను పెట్టుకుని పోరాడాక రాజీలో కొంత సొమ్ము వచ్చింది. 1991లో మార్కీ మార్క్ "గుడ్ వైబ్రేషన్స్" అదే పాటను వాడినప్పుడు ఆమె పేరు ముందే పెట్టారు, వీడియోలో చూపించారు. అది అమెరికాలో నంబర్ వన్. రెండేళ్ల తేడాలో అదే గొంతు, అదే పాట, లెక్క మాత్రం వేరు.

నేపథ్యం
డబ్బు సంగతి సరే, పేరు సంగతి ఇంకా లోతుంది. ఒకరు పాడితే ఇంకొకరు పెదవులు కదపడం తెలుగువాళ్లకు వింత కాదు. సినిమా పాటంతా అదే కదా. మన దగ్గర కూడా మొదట్లో పేరు దాచారు. 1949 నాటి హిందీ చిత్రం "మహల్" పాట ప్లేటు మీద లతా మంగేష్కర్ పేరుకు బదులు పాత్ర పేరు "కామిని" అని అచ్చు వేశారు. జనం ఎవరీ గాయని అని అడిగాక సర్దుకున్నారు. నేపథ్య గాయని అనే హోదా అలా నిలబడింది. అమెరికా డ్యాన్స్ సంగీతంలో ఆ హోదాయే లేదు. తెర మీద కనపడ్డ మనిషే పాడిందని అమ్మారు.

మార్తా వాష్ సంగతి చూడండి. 1976 నుంచి ఇజోరా రోడ్స్‌తో కలిసి డిస్కో గాయకుడు సిల్వెస్టర్ వెనక పాడింది. ఇద్దరినీ టూ టన్స్ ఓ ఫన్ అనేవారు. తర్వాత వెదర్ గర్ల్స్ అయ్యారు. "ఇట్స్ రెయినింగ్ మెన్" 1982లో వచ్చింది. దాన్ని రాసినవాళ్లలో ఒకడైన పాల్ జబారా ఆ పాటను అంతకుముందు డోనా సమ్మర్‌కు ఇవ్వజూపితే ఆమె వద్దంది. 1990 నాటికి మార్తా సెషన్లకు (ఇతరుల ప్లేట్ల కోసం స్టూడియోలో) పాడుతోంది. డెమో (నమూనా) అని చెప్పి, గుండుగుత్తగా ఒక ఫీజు ఇచ్చి పాడించుకోవడం, ఆ గొంతునే అసలు ప్లేటులో ఉంచేయడం జరిగింది. బ్లాక్ బాక్స్ "ఎవ్రీబడీ ఎవ్రీబడీ" ఆమెదే. సీ అండ్ సీ మ్యూజిక్ ఫ్యాక్టరీ "గోనా మేక్ యూ స్వెట్" పల్లవి ఆమెదే, వీడియోలో జెల్మా డేవిస్. ఒక్క ఏడాదిలో రెండు బృందాలకు ఒకే గొంతు, రెండు వేర్వేరు ముఖాలు.

కొత్తచెవి
మార్తా వాష్ కేసు వల్లే గాయకుల పేరు వెయ్యాలని అమెరికాలో చట్టం వచ్చిందంటారు కదా?

లేబుల్_చూసేవాడు
నెట్‌లో ప్రతిచోటా ఉంది ఆ మాట, కానీ తప్పు. ఆమె కేసులు కోర్టు బయట రాజీ అయ్యాయి. తీర్పు రాలేదు, పూర్వోదాహరణ లేదు. అమెరికా కాపీరైటు చట్టంలో గాయని పేరు తప్పనిసరి అనే సెక్షనూ లేదు. జరిగిందేమిటంటే, ఒక రాజీలో భాగంగా ఆర్‌సీఏ ఆమెకు సొంత ఆల్బం ఒప్పందం ఇచ్చింది, 1992లో "క్యారీ ఆన్" దాంట్లోంచే వచ్చింది. ఇంకో రాజీలో సోనీ తరఫున ఎంటీవీకి వెళ్లిన విన్నపం ప్రకారం "గోనా మేక్ యూ స్వెట్" వీడియో కింద గొంతు మార్తా వాష్‌ది, "దృశ్యం" జెల్మా డేవిస్‌ది అని వెయ్యాలి. ఆ దెబ్బతో కంపెనీలు భయపడి పేర్లు వేయడం మొదలుపెట్టాయి. చట్టం చేసిన పని కాదు, లాయరు ఖర్చు చేసిన పని.

పేరు, డబ్బు వేర్వేరు అన్న నేపథ్యం గారి మాటను మాత్రం ఒప్పుకోను. 1995 తర్వాత అమెరికాలో ఉపగ్రహ రేడియో, నెట్ రేడియో లాంటి డిజిటల్ ప్రసారాలకు రికార్డింగు మీద కూడా రుసుము ఉంది (మామూలు రేడియోకు లేదు, పాట ఎంచుకుని వినే స్ట్రీమింగుకు వేరే లెక్క). ఆ రుసుము పంచేది సౌండ్‌ఎక్స్ఛేంజ్. పంపకం ఇలా: 50 శాతం రికార్డింగు హక్కుదారుకు, 45 శాతం ముఖ్య కళాకారుడికి, మిగిలిన 5 శాతం ఇతర గాయకులకూ వాద్యకారులకూ కలిపి, అందులో గాయకుల వాటా రెండున్నర. కవరు మీద "ఫీచరింగ్" అని పేరు ఉంటే 45 వైపు కూర్చుంటారు. లేకపోతే రెండున్నర శాతం నిధిలో అందరితో పాటు చెయ్యి చాపాలి. కవరు మీద ఒక్క పంక్తి ఖరీదు అది.

హామండ్_బీ3
అందరూ హౌస్ (డిస్కో తర్వాత వచ్చిన క్లబ్ సంగీతం) కాలం దగ్గరే ఆగిపోయారు. నడుమ ఒక పెద్ద గుంత ఉంది. 1979 జులై 12న షికాగోలో కమిస్కీ పార్కు బేస్‌బాల్ స్టేడియంలో డిస్కో ప్లేట్లను గుట్టగా పోసి పేల్చారు. ఆ తర్వాత లేబుళ్లు డిస్కో అన్న మాటకే జంకాయి. 1985కల్లా సాల్‌సోల్ మూతపడింది. ఈ గాయనులకు అప్పుడు రెండే దారులు, సెషన్ గది లేదా చర్చి.

క్యాండీ స్టేటన్ చర్చి దారి పట్టింది. ఆమె బాట మొదటినుంచీ చూడాలి. అలబామాలో మజిల్ షోల్స్ పట్టణంలోని ఫేమ్ స్టూడియోలో రిక్ హాల్ దగ్గర 1969 నుంచి సోల్ పాడింది. 1976లో "యంగ్ హార్ట్స్ రన్ ఫ్రీ", డేవిడ్ క్రాఫర్డ్ రాసి తీసింది, అమెరికా ఆర్ అండ్ బీ పట్టికలో నంబర్ వన్, బ్రిటన్‌లో రెండు. దరువు డిస్కో, మాటలు మాత్రం చెడిన కాపురంలో చిక్కుకున్న ఇల్లాలివి. అది విని నవ్వుతూ ఆడేవాళ్లను చూస్తే మాటలు వినరేమో అనిపిస్తుంది. 1980ల మొదట్లో లౌకిక పాటలు మానేసి పూర్తిగా గోస్పెల్‌కు వెళ్లిపోయింది.

అసలు తమాషా ఆ తర్వాత. 1986లో "యూ గాట్ ది లవ్" అనే గోస్పెల్ పాట పాడింది, బాగా లావుగా ఉన్న ఒక మనిషి బరువు తగ్గడం గురించిన వీడియో చిత్రం కోసం. ఆ పాట వట్టి గొంతును ఎవరో తీసుకెళ్లి ఫ్రాంకీ నకుల్స్, జేమీ ప్రిన్సిపుల్‌ల "యువర్ లవ్" వాద్యం మీద పెట్టారు. అది దొంగ ప్లేటుగా తిరిగి, 1991లో ది సోర్స్ పేరుతో సక్రమంగా వచ్చి బ్రిటన్‌లో నాలుగో స్థానానికి చేరింది. 1997లో మళ్లీ మూడు, 2006లో ఏడు. చర్చి కోసం పాడిన పాటే ఆమెను క్లబ్బుకు తిరిగి లాక్కొచ్చింది. దేవుడి ప్రేమ గురించిన మాటలు ఒక్కటి కూడా మార్చలేదు.

వంతపాట
డోనా సమ్మర్‌ను ఈ వరసలో కలపాలా? బోస్టన్‌లో చిన్నప్పుడు చర్చిలో పాడింది, నిజమే. కానీ మ్యూనిక్‌లో నిర్మాత జార్జియో మొరోడర్ దగ్గర ఆమె చేసిన పని దీనికి తలకిందులు. "లవ్ టు లవ్ యూ బేబీ" (1975) దాదాపు 17 నిమిషాలు, ఆల్బం ఒక వైపంతా అదే, అందులో గుసగుస తప్ప గొంతే విప్పదు. "ఐ ఫీల్ లవ్" (1977)లో తల గొంతుతో తేలిపోతుంది. వాద్యం సింథసైజరే కాబట్టి దాన్ని దాటి అరవాల్సిన అవసరం లేదు.

హామండ్_బీ3
కలపాలి. "లాస్ట్ డ్యాన్స్" (1978) మొదటి నిమిషం చాలు. దరువు లేకుండా నెమ్మదిగా మొదలుపెట్టి, మాటను సాగదీసి, ఒక్కసారిగా దరువు ఎత్తుకోవడం పక్కా ఆదివారం పద్ధతి. ఆమె కూడా డిస్కో పతాకస్థాయిలో ఉండగానే భక్తికి మళ్లి, 1980 ఆల్బం "ది వాండరర్" చివర యేసు పాట పెట్టింది. 1984, 85లో రెండు గ్రామీలు ఇన్‌స్పిరేషనల్ విభాగంలోనే వచ్చాయి.

గ్లోరియా గేనర్‌ది ఇంకా విచిత్రం. "ఐ విల్ సర్వైవ్" మొదట "సబ్‌స్టిట్యూట్" అనే పాటకు వెనక వైపు. 1980లో ఉత్తమ డిస్కో రికార్డింగ్ గ్రామీ దానికి వచ్చింది. ఆ విభాగం ఆ ఒక్క ఏడాదే ఉంది. నలభై ఏళ్ల తర్వాత, 2020లో, "టెస్టిమొనీ"కి రూట్స్ గోస్పెల్ ఆల్బం గ్రామీ.

ప్లేట్ల_పెట్టె
మరి సోల్ గాయని అరీతా ఫ్రాంక్లిన్? ఆమెకు చర్చి, బయటి లోకం రెండూ ఎలా నడిచాయి?

హామండ్_బీ3
తండ్రి సీ.ఎల్. ఫ్రాంక్లిన్ డెట్రాయిట్‌లో పేరున్న పాస్టరు, కూతురు బయట పాడటానికి ఆయనే వెనక నిలబడ్డాడు. చాలామందికి ఆ రక్షణ లేదు. 1972 జనవరి 13, 14 రాత్రులు లాస్ ఏంజెలెస్ వాట్స్‌లో న్యూ టెంపుల్ మిషనరీ బాప్టిస్ట్ చర్చిలో "అమేజింగ్ గ్రేస్" రికార్డు చేశారు. జేమ్స్ క్లీవ్‌లాండ్ బృందం ఒకవైపు, సోల్ ప్లేట్ల మీద వాయించే బెర్నార్డ్ పర్డీ డ్రమ్ములు, చక్ రెయినీ బేసు ఇంకోవైపు. సిడ్నీ పొలాక్ సినిమా కూడా తీశాడు, కానీ షాట్ మొదట్లో క్లాప్ కొట్టలేదు. టేపు ఎక్కడ, ఫిల్ము ఎక్కడ కలపాలో తెలియక ఆ రీళ్లు దశాబ్దాల పాటు మూలపడి, 2018లో బయటికొచ్చాయి. షాటుకొక చెక్కపలక దెబ్బ కొట్టి ఉంటే ఆ తిప్పలు ఉండేవి కావు.

అదే అరీతా 1979లో "లా దీవా" అని డిస్కో ఆల్బం చేస్తే ఆడలేదు. చర్చి గొంతు ఉంటే చాలదన్నమాట, వ్యాంప్‌కు చోటిచ్చే ఏర్పాటు కూడా ఉండాలి.

పన్నెండంగుళాలు
ఈ పాత డిస్కో పాటలు కలిపి వాయించేవాళ్లకు రెండు ముక్కలు. ఇవి ఎక్కువగా మనిషి కొట్టిన డ్రమ్ములు, క్లిక్ (వేగం చెప్పే టకటక) లేకుండా. ఒకే పాటలో దరువు నిమిషానికి ఒకటి రెండు దెబ్బలు పెరుగుతుంది, తగ్గుతుంది. సాఫ్ట్‌వేరు మొదటి 30 సెకన్లు చూసి గ్రిడ్ (దెబ్బలు పడే చోట్ల గీతలు) వేస్తే అయిదో నిమిషానికి అర దెబ్బ తేడా వస్తుంది, రెండు కిక్‌లు గుర్రపు డెక్కల్లా వినపడతాయి. ప్రతి 16 లేదా 32 బార్లకు ఒకసారి గ్రిడ్‌ను చేత్తో మళ్లీ కుదర్చండి. వేగం 3 శాతం మించి మార్చకండి. కీ లాక్ (వేగం మార్చినా శ్రుతి మారకుండా పట్టి ఉంచేది) పెడితే దరువుకన్నా ముందు చెడేది ఈ గొంతులే, సాగదీసిన స్వరం చివర వణుకు రేకు చప్పుడులా అవుతుంది.

కొనేటప్పుడు నిడివి చూడండి. 33 వేగంలో ఒక వైపు 25 నిమిషాలు కుక్కిన సంకలనంలో ప్లేటు మీది గాడులు సన్నబడి శబ్దం పలచబడుతుంది, కిక్‌లో పస పోతుంది. ఒక వైపు ఒకే పాట ఉన్న 12 అంగుళాలది వెతకండి.

కొత్తచెవి
చివరి సందేహం. "రైడ్ ఆన్ టైమ్" రెండు చోట్ల విన్నాను, గొంతు ఒకటి కాదనిపించింది. భ్రమా?

లేబుల్_చూసేవాడు
భ్రమ కాదు. హక్కుల గొడవ వచ్చాక తర్వాతి ముద్రణల కోసం ఆ ముక్కలను వేరే గాయనితో మళ్లీ పాడించారు. పాడింది హీథర్ స్మాల్, తర్వాత ఎం పీపుల్ బృందంతో పేరు తెచ్చుకున్నామె.

వంతపాట
పోల్చుకోవడం తేలికే. లోలియాటా స్వరం అందుకునే ముందు గొంతులో ఒక గరుకు ఉంటుంది, హల్లును కొట్టి మరీ ఎక్కుతుంది, స్వరం చివర ఊపిరి తెగిన చోటు కూడా వినపడుతుంది. హీథర్ స్మాల్ గొంతు లోతుగా, గుండ్రంగా ఉంటుంది, ఆ గరుకు ఉండదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని "టైమ్" అన్న మాట ఒక్కటే నాలుగుసార్లు వినండి. "ట" దగ్గరే తెలిసిపోతుంది.